ఫ్రిజ్ ఉన్న ఇల్లు

ముప్పై నాలుగేళ్లు నేను పేదరికం పాఠం చెప్పాను. సోషల్ టీచర్ని. నారాయణగూడ చుట్టుపక్కల సర్కారు హైస్కూళ్లలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ప్రతి ఏడూ చలి మొదలయ్యే రోజుల్లో ఆ పాఠం వచ్చేది. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి ఎడమవైపు కారణాలు, కుడివైపు నివారణ మార్గాలు రాసేదాన్ని. జనాభా, చదువు లేకపోవడం, భూమి లేకపోవడం, పని దొరకకపోవడం, పరాయి పాలన, అప్పులు, కరువులు, యుద్ధాలు. పుస్తకాలు మారాయి, అట్టల మీద బొమ్మలు మారాయి, ఆ జాబితా మాత్రం ఇంచుమించు అట్లాగే ఉండిపోయింది. అది నాకు ఎంత కంఠతా వచ్చేసిందంటే, బోర్డు మీద రాస్తూనే సాయంత్రం ఏం కూరగాయలు కొనాలో ఆలోచించుకునేదాన్ని.

ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎవరంటే, అడ్డా మీద కూలికి నిలబడేవాళ్ల పిల్లలు, ఇళ్లలో అంట్లు తోమేవాళ్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు. వాళ్లకు నేను పేదరికం నిర్వచనం చెప్పేదాన్ని. వాళ్లు బుద్ధిగా రాసుకునేవాళ్లు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, అందులో సంతోషం ఏమీ లేదు.

మా ఇల్లు చిక్కడపల్లిలో. సాయంత్రాలు లైబ్రరీకి వెళ్లి పేపర్లు తిరగేయడం పాత అలవాటు. అక్కడ కుర్చీ దొరకడమంటే ఆఫీసు టైములో బస్సులో సీటు దొరకడమే. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి, పుస్తకాలు పెట్టి కుర్చీలు ఆపుకుంటారు. నేను టీచర్నని తెలిశాక కొందరు ఆడపిల్లలు ఎకానమీలో అనుమానాలు అడిగేవాళ్లు. ఒకసారి ఒక అమ్మాయి, "మేడమ్, ప్రపంచంల పేదరికం అసలు పోతదా?" అంది.

"పరీక్షకు అడుగుతున్నావా, నీకోసం అడుగుతున్నావా?"

"పరీక్షకే మేడమ్. ఈసారి వస్తదంటున్నరు."

"అయితే పోతుందని రాయి. దారులు ఆరేడు పెట్టు. చివర్లో ఆశగా ముగించు."

ఆ అమ్మాయి నిజంగానే రాసుకుంది. నేను వేళాకోళానికి అన్నాను గానీ అది నేను నమ్మిన మాటే. ఆ లైబ్రరీలో ఈ విషయం మీద చేతికి దొరికిందల్లా చదివాను. ఒక పుస్తకం పేదరికం తగ్గిపోతోందని లెక్కలు చూపేది. ఇంకొకటి, ఆ దారిద్ర్యరేఖ ఎంత కిందికి గీశారో చూడండి, నాలుగు మెతుకులు దొరికితే చాలు పేదవాడు కాదంటున్నారు అని దెబ్బలాడేది. పత్తి పండించే దేశం చొక్కా కొనుక్కోలేకపోవడం గురించి చదివాను. అప్పిచ్చినవాళ్లు షరతులు పెట్టి, అప్పు తీసుకున్న దేశాల్లో బడులూ ఆస్పత్రులూ మూయించడం గురించి చదివాను. అన్నీ నిజాలేననిపించేది. ప్రపంచానికి సరిపడా తిండి ఉందని, పేదరికం మనుషులు చేసిందే కాబట్టి మనుషులే పోగొట్టగలరని చివరికి అందరూ ఒప్పుకునేవాళ్లు. ఆ మనుషులు ఎవరో మాత్రం బాగా దూరంగా ఉండేవాళ్లు, ఏ దేశంలోనో, ఏ అద్దాల మేడలోనో. నేను వాళ్ల మీద కాసేపు కోపం తెచ్చుకుని, గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

నా సర్వీసు చివరి ఏడాది ఇంటింటి సర్వే వచ్చింది. ఓటర్ల జాబితా అయినా, జనాభా లెక్కలైనా, ఏదొచ్చినా టీచర్ల నెత్తినే పడుతుంది. అందుకని ఎవరం ఆశ్చర్యపోలేదు, తిట్టుకున్నాం అంతే. ట్రైనింగులో ఒకాయన మైకు పట్టుకుని, ప్రతి ప్రశ్నా నోటితో అడగాలి, జవాబు చెవితో వినాలి, అప్పుడే టిక్కు పెట్టాలి అని మూడుసార్లు చెప్పాడు. ఫారం నిండా ప్రశ్నలు. పైకప్పు ఏమిటి, వంట దేనిమీద, బండి ఉందా, టీవీ ఉందా, వాడుకలో ఉన్న ఫ్రిజ్ ఉందా. మొదటి రోజు అన్నీ అడిగాను. సాయంత్రానికి పట్టుమని పది ఇళ్లు కాలేదు. మెట్లెక్కి దిగి మోకాళ్లు వాచిపోయాయి.

రెండో రోజుకే తోటి టీచర్ల దగ్గర కిటుకు నేర్చుకున్నాను. పేర్లు, వయసులు, ఫోన్ నంబరు అడగడం. మిగతావి గుమ్మంలో నిలబడి ఒకసారి లోపలికి చూసి నింపేయడం. దాన్ని మాలో మేం కళ్లతో నింపడం అనుకునేవాళ్లం. అందరం అట్లాగే చేశాం. సాయంత్రం ఫారాలు అప్పజెప్పే చోట కలిసినప్పుడు ఎవరు ఎన్ని ఇళ్లు లాగించారో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం కూడా. అందులో తప్పుందని ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

నా వంతుకు వచ్చిన వాటిలో గాంధీనగర్ వైపు, నాలా పక్కన ఉన్న బస్తీ ఒకటి. పాలమూరు నుంచి వచ్చి మట్టిపని, సిమెంటు పని చేసుకునేవాళ్లే అక్కడ ఎక్కువ. ఆ బస్తీలో నేను ఎరిగిన ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి పిల్ల మూడేళ్లు నా దగ్గర చదివి, పది పాసై, ఇంటర్‌లో చేరింది. సోషల్‌లో స్కూల్ ఫస్టు. తండ్రి లేడు. తల్లి, అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు కూలగొట్టి హాస్టళ్లు కట్టే చోట తట్టలు మోస్తుంది. సర్వేకి నేను వస్తున్నానని పిల్ల ముందురోజే చెప్పి ఉంటుంది. తల్లి ఆ రోజు పనికి పోలేదు.

రేకుల గది. గుమ్మం ముందు కడిగి ముగ్గు పెట్టింది. పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేసింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని ఉంది, పొద్దున పదకొండింటికి. గోడవారన నిలువెత్తు ఎర్ర ఫ్రిజ్, దానిమీద చేత్తో అల్లిన తెల్లగుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు, పూల పక్కన ఆ పిల్లకు నా చేతులతోనే ఇచ్చిన ప్రైజు కప్పు.

"కూసోండ్రి మేడమ్. మీరు మా ఇంటికి వచ్చిన్రంటే నాకు ఎంత సంబురమైతున్నదో" అంది.

సాసరుతో సహా కప్పులో చాయ్ ఇచ్చింది. నా దగ్గర చదివిన పిల్లల ఇళ్లలో ఒక్కటైనా కాస్త తేరుకుందని నాకు కడుపు నిండినట్టయింది. నిజం చెప్పాలంటే, ఆ ఫ్రిజ్ ఏదో నా పాఠం వల్లే వచ్చినంత గర్వపడ్డాను. చాయ్ తాగుతూ, పిల్ల మార్కుల గురించి మాట్లాడుతూ, మోకాలి మీద ఫారం పెట్టుకుని గళ్లు నింపేశాను. ఫ్రిజ్ దగ్గర టిక్కు పెట్టాను. ఆమెను అడగలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనేం పెడుతున్నానో ఆమెకు తెలియదు. కింద సంతకం మాత్రం చేసింది. పిల్ల నేర్పిందట, నాలిక బయటపెట్టి ఒక్కో అక్షరం జాగ్రత్తగా దిద్దింది. నేను బావుందని మెచ్చుకుని పక్కింటికి పోయాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. పని మధ్యలో వచ్చినట్టుంది, పాదాలకు సిమెంటు ఎండిపోయి ఉంది. రేషన్ కార్డుకు పెట్టుకున్న దరఖాస్తు కొట్టేశారట. కార్డు అంటే ఒక్క బియ్యమే కాదు. కార్డుంటే పెద్దాస్పత్రిలో వైద్యం, కార్డుంటే పిల్ల డిగ్రీ ఫీజు. ఇంటర్ అయిపోయింది, పిల్ల నారాయణగూడలోనే డిగ్రీ చేస్తానని కూర్చుంది. కార్డు రాకపోతే పిల్ల చేతికి కూడా తట్ట ఇయ్యడమే అని ఆమె ఏడవకుండా, మామూలుగా చెప్పింది.

"కంప్యూటర్ల మా ఇంట్ల ఫ్రిజ్ ఉన్నదని పడ్డదట మేడమ్. ఫ్రిజ్ ఉన్నోళ్లు గరీబోళ్లు కాదట."

"ఉంది కదా?" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో.

ఆమె నవ్వింది. "అది ఫ్రిజ్ ఏంది మేడమ్, ఉత్త డబ్బ. కూలగొట్టే ఇంట్లకెల్లి పారేస్తుంటె మేస్త్రిని అడిగి తెచ్చుకున్న. కరెంటు పెడితే షాక్ కొడ్తది. ఎలుకలు బట్టలు కొరుకుతున్నయని అండ్ల పెట్టుకుంటం. బిడ్డ సర్టిఫికెట్లు గూడ అండ్లనే. మీరొస్తున్నరని బిడ్డ దాని మీద గుడ్డ కప్పి పూలు పెట్టింది." పాదానికి అంటిన సిమెంటు గీక్కుంటూ, "ఎవరో తప్పు కొట్టినట్టున్నరు. జర మీరొక మాట చెప్పుండ్రి మేడమ్. మీ మాటయితే వింటరు" అంది.

ఆ ఎవరో నేనేనని ఆమెకు తెలుసో తెలియదో ఆమె మొహం చూస్తే అర్థం కాలేదు. చెప్పాల్సిన సమయం అదే. నేను "కనుక్కుంటానమ్మా" అన్నాను. చల్లటి నీళ్లిచ్చి పంపాను. ఆ నీళ్లు మా ఫ్రిజ్‌లోవే.

లోపలి గదిలో మా ఆయన అంతా విన్నాడు. ఆయన కూడా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషే.

"రిటైర్మెంటుకు ఇంకో నెలన్నర ఉన్నది నీకు" అన్నాడు. "ఇప్పుడు తప్పు నాదేనని రాసిచ్చినవనుకో, మెమో ఇస్తరు. మెమో మీద ఎంక్వయిరీ. అది తేలేదాక పెన్షన్ ఆగుతది. అట్ల తిరుగుతున్నోళ్లు నాకెంతమంది తెలుసు. తప్పు దిద్దియ్యి, చాలు. ఎవరు చేసిన్రో ఎందుకు?"

మా ఆయన చెడ్డవాడు కాదు. జన్మంతా ఫైళ్లు చూసినవాడు, ఏ కాగితం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆయనకు తెలుసు. నాకూ ఆ సలహా హాయిగానే అనిపించింది. ఆయన అనకపోయినా నేను అదే చేసేదాన్ని.

మళ్లీ విచారణ జరపమని దరఖాస్తు నేనే రాశాను. ఆమెను వెంటబెట్టుకుని కాళ్లరిగేలా రేషన్ ఆఫీసుకు తిరిగాను. ఒక రోజు సర్వర్ పనిచేయదు, ఒక రోజు సంతకం పెట్టే ఆయన మీటింగుకు పోతాడు. ఆ తిరగడంలో నాకు ఒక తృప్తి కూడా దొరికింది, ఒప్పుకుంటున్నాను. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, పేదవాళ్ల కోసం ఎంత కష్టపడుతున్నానో అని. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆమె తన కొంగుతో నాకు గాలి విసిరేది. వద్దన్నా వినేది కాదు.

"మేడమ్, అన్ని దేశాలల్ల ఉంటరా గరీబోళ్లు?" అని ఒకరోజు ఆ బెంచీ మీదే అడిగింది.

"ఉంటారమ్మా. కొన్నిచోట్ల మనకంటే ఎక్కువ."

"ఆడ గూడ కార్డులుంటయా?"

"కొన్నిచోట్ల అవి కూడా ఉండవు."

"మరెట్ల బతుకుతరు?"

వాళ్లు పేదవాళ్లు ఎందుకయ్యారో నేను గంటసేపు చెప్పగలను. ఎట్లా బతుకుతారో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ నేను దానికోసం వెతకలేదు. "ఏదో ఒకటి చేసుకుని" అన్నాను. ఆమె అవునన్నట్టు తలూపింది, ఆ జవాబు చాలన్నట్టు.

విచారణకు వస్తామని కబురొచ్చాక ఆమెకు పాఠం చెప్పాను. మంచి చీర కట్టుకోవద్దు. ఆ పూలూ గుడ్డా తీసెయ్యి. పక్కింటి కుర్చీలు తేవద్దు. చాయ్ పెట్టొద్దు. అడిగినదానికి తప్ప మాట్లాడొద్దు. ఆమె అన్నీ విని, "మేం ఎట్లున్నమో అట్లుంటె సరిపోదా మేడమ్?" అంది. సరిపోదని చెప్పాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తలెత్తుకుని నిలబడండి అని చెప్పిన నోటితో, ఒక ఆడమనిషికి పేదగా కనబడటం నేర్పాను.

నేను రిటైరవడానికి పన్నెండు రోజులుందనగా ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. బైకు నాలా అవతలే ఆపి నడిచొచ్చాడు. పిల్ల ఇంట్లో లేదు, లైబ్రరీకి పోయిందట. నన్ను చూసి నమస్కారం పెట్టి, "నేను గూడ ఈడనే అశోక్‌నగర్ల రూము తీసుకుని చదివిన మేడమ్. అయిదేండ్లు పట్టింది" అన్నాడు. తర్వాత ఫ్రిజ్ తలుపు తీశాడు. లోపల బల్బు వెలగలేదు. మడతపెట్టిన చీరలు, పిల్ల డ్రెస్సులు, కవర్లో చుట్టిన సర్టిఫికెట్లు. గుడ్లు పెట్టే గుంటల్లో దారపుండలు, గుండీలు, కలరా ఉండలు. అతను కాసేపు చూసి తలుపు నెమ్మదిగా మూశాడు, ఎవరి పెట్టెనో చెప్పకుండా తెరిచినట్టు మొహమాటపడుతూ.

"ఇది ఫ్రిజ్ కాదు. మారుస్తా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను చేతిలో ఉన్న ట్యాబు మీద ఏదో నొక్కి ఆగిపోయాడు. "మార్చాలంటే కారణం అడుగుతున్నది మేడమ్. రెండే ఉన్నయి. సర్వే చేసినోళ్ల పొరపాటా, ఇంటోళ్లు తప్పు చెప్పిన్రా. ఈ ఇల్లు మీరే చేసిన్రు కద?"

"నేనే చేశాను."

"ఫ్రిజ్ పనిచేస్తదా అని అడిగిన్రా మేడమ్?"

అతను నిలదీసినట్టు అడగలేదు, గడి నింపడానికి అడిగాడు. "అప్పుడు చాలా ఇళ్లు ఉండె..." అని ఏదో మొదలుపెట్టాను.

"మేడమ్ అడిగిన్రు సారూ" అంది ఆమె. "నేనే ఉన్నదని చెప్పిన."

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "అట్ల రాస్తే నీకే నష్టం అమ్మా. తప్పు చెప్పిందని పైన మళ్ల కొట్టేస్తరు. అప్పుడు నేను ఏం చెయ్యలేను. జర సోచాయించి చెప్పు."

"ఏం సోచాయించాలె సారూ. బిడ్డ టీచరు ఇంటికొచ్చిందని ఇజ్జత్ కోసం చెప్పిన. మేడమ్ తప్పేం లేదు."

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నోరు తెరిచేదాన్నేమో. అట్లా అనుకోవడం కూడా ఇప్పుడు నా సౌకర్యం కోసమే. గదిలో నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరికి నిజం తెలుసు, మూడో మనిషికి అనుమానం వచ్చింది. ఆ అనుమానంతోనే అతను నన్ను ఇంకో రెండు నిమిషాలు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆ ఎర్ర తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను.

"సరే. ఆమె చెప్పినట్టు కాగితం మీద కావాలె" అన్నాడతను చివరికి. "ఆమెకు రాయరాదు కద. మీరే జర రాసియ్యండి మేడమ్."

రాశాను. తెల్లకాగితానికి మార్జిన్ మడిచి, నేల మీద కూర్చుని రాశాను. సర్వే నిమిత్తం మా ఇంటికి వచ్చిన ఉపాధ్యాయురాలు అడుగగా, మా ఇంటిలో పనిచేయుచున్న ఫ్రిజ్ కలదని నేను తప్పుగా తెలిపియున్నాను అని రాశాను. ఇట్లాంటి కాగితాల కింద ఉండే వాక్యం కూడా రాశాను, చదివి వినిపించగా విని, సరియేనని ఒప్పుకుని సంతకం చేయడమైనది అని. రాశాక చదివి వినిపించాలి కదా. వినిపించాను. క్లాసులో చదివినట్టు, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా.

ఆమె తలూపుతూ విన్నది. సంతకం చేసింది. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసి, "మీ రాత ముత్యాల లెక్క ఉంటదని మా బిడ్డ చెప్పేది మేడమ్. నిజమే" అంది.

ఆఫీసరు వెళ్లిపోయాక మలుపు దాకా నాతో నడిచొచ్చింది. ఎందుకట్లా చెప్పావని అడిగాను. అడగడానికి మొహం చెల్లకపోయినా అడిగాను.

"మీ నౌకరి ఈ నెలనే అయిపోతదట కద మేడమ్, బిడ్డ చెప్పింది. పోయే ముంగట మీ మీద ఒక మాట పడితె మంచిగుంటదా? మా బిడ్డకు సదువు చెప్పిన్రు మీరు."

"కార్డు సంగతి?"

"అయితది తియ్యుండ్రి. సారు మంచోడు, చూసిండు కద." పూట కూలి అయినా దొరుకుతుందని ఆమె అటునుంచి అటే పనికి వెళ్లిపోయింది. నేను ఆటో ఎక్కి ఇంటికి వచ్చి, మోకాళ్లకు మందు రాసుకుని పడుకున్నాను.

రిటైర్మెంట్ రోజున శాలువా కప్పారు. పేద పిల్లల బతుకులు మార్చిన టీచరని మైకులో అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను దండలోని బంతిపూలు గిల్లుతూ కూర్చున్నాను. సిగ్గు కంటే అలసటే ఎక్కువగా ఉండింది. సిగ్గుపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి.

లైబ్రరీకి పోవడం మానలేదు, ఇంట్లో ఏం తోచదు. కానీ ఈ విషయం మీద ఇదివరకటిలా చదవలేకపోతున్నాను. పేదరికం మనుషులు చేసిందే అన్న వాక్యం వచ్చినప్పుడల్లా అక్కడే ఆగిపోతాను. వేల మైళ్ల అవతల, నాకు పేరు కూడా తెలియని ఊళ్లో, ఎవరో ఒకరు చాయ్ తాగుతూ ఒక గడి నింపి ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లై ఉండరు. ఆ ఇంటిమీద అభిమానం కూడా ఉండి ఉంటుంది. వాళ్లకూ ఏదో పెన్షన్ దగ్గరపడి ఉంటుంది. అట్లాంటివాళ్లు లోకంలో ఎంతమందో ఎవరు లెక్కపెట్టగలరు? పేదరికం ఎప్పటికైనా పోతుందా అని ఇప్పుడెవరైనా అడిగితే పోతుందనే అంటాను. పోగొట్టడం అంత కష్టమైన పనేమీ కాదని నాకు తెలిసింది కాబట్టే అంటాను. ఆ రోజు నేను చేయాల్సిన పనల్లా నాలుగు మాటలు చెప్పడమే.

వానలు మొదలైన వారంలో ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. మొదటిది, దరఖాస్తు మళ్లీ తిరస్కరించారన్న ఉత్తరం. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు దరఖాస్తుదారే ఒప్పుకున్నారని కారణం రాశారు. రెండోది, దానికి జతచేసిన ఆ వాంగ్మూలం నకలు. మూడేళ్లు బోర్డు మీద చూసిన రాత, ఆ పిల్ల గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది.

కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, మా అమ్మ నిజంగనే అబద్ధం చెప్పిందా?"

ఆ పిల్లే మళ్లీ అంది. "ఇంట్ల మస్తు లొల్లి పెట్టుకున్న మేడమ్. నీ షోకు వల్లనే నా సదువు పోయిందని నోటికొచ్చినట్టు తిట్టిన. ఆ గుడ్డ కప్పింది నేనేనని గూడ మర్శిపోయి తిట్టిన. అమ్మ ఒక్క మాట అనలే. ఊకనే కూసున్నది. నేను తిడితె మా అమ్మ ఊకునే మనిషి కాదు మేడమ్."

"లేదు తల్లీ" అన్నాను. "మీ అమ్మ అబద్ధం చెప్పలేదు. నేను అడగనే లేదు. చూసి టిక్కు పెట్టాను."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆ పిల్ల బ్యాగులోంచి ఒక తెల్లకాగితం తీసింది. టీపాయ్ మీద పేపర్లు పక్కకు జరిపి దాన్ని పరిచింది. పెన్ను మూత తీసి నా వైపు పెట్టింది.

"గదే రాసియ్యండి మేడమ్. అప్పీలు పెట్టుకోనీకి నెలాఖరు దాక టైం ఉన్నదట. కాలేజీల సీటుకు గూడ గంతే."

లోపలి గదిలోంచి మా ఆయన దగ్గాడు. నా పెన్షన్ కాగితాలు అప్పటికింకా ఆఫీసులోనే ఉన్నాయి. పెన్ను చేతిలోకి తీసుకున్నాను, ఆ మాట దాచను. తీసుకుని మళ్లీ పెట్టేశాను.

"రేపు రా తల్లీ. నెమ్మదిగా ఆలోచించి, సరిగ్గా రాసిస్తాను" అన్నాను.

ఆ పిల్ల నా మొహం వైపు చూసింది. పెన్నుకు మూత పెట్టింది. "సరే మేడమ్" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కాగితం టీపాయ్ మీదే వదిలేసింది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నా పెన్షన్ వచ్చింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. వాళ్లిల్లు మా ఇంటికి పది నిమిషాల నడక.